రుషికొండ తీరమున గీతవిద్య

విశాఖపట్టణమునుండి సముద్రతీరపు బాటను ఉత్తరముగ పోవువారికి, జోడుగుళ్లపాలెము, సాగర్‌నగర్ దాటి రుషికొండ మలుపు తిరిగినంతనే, ఎడమవైపున కొండలవరుసయు, కుడివైపున సముద్రమును, ఆ రెంటి నడుమ ఎఱ్ఱని యిసుకనేలయు కానవచ్చును. నీరు నిలువని ఆ నేలపై, ఎరువెరుగని ఆ నేలపై, ఉప్పుగాలి యెడతెగక తగులుటచే తక్కిన చెట్లు వంగి గిడసబారు ఆ నేలపై, తాడిచెట్లు మాత్రము నిటారుగ నిలిచి, మంగమారిపేట వెనుకను, ఎఱ్ఱమట్టిదిబ్బల గండ్ల యంచులను, భీమునిపట్టణము దాకను, కొన్నియెడల గుంపులుగను కొన్నియెడల ఒంటరిగను వ్యాపించియున్నవి. నగరము నడుమ జాతీయరహదారిపై తాటిచెట్లపాలెమను పేట యొకటి యున్నది. అచ్చట నేడు చెట్లకంటె పేరే మిగిలినది. రుషికొండ సముద్రతీరమునకు 2020లో ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు లభించినది మొదలు దూరప్రాంతములవారు విశేషముగ వచ్చుచున్నారు గాని, వారిలో తలయెత్తి ఆ చెట్ల మొవ్వులయొద్ద వ్రేలాడు లొట్లను చూచువారు అరుదు. ఈ వ్యాసము ఆ లొట్లను గూర్చినది.

ఇటీవలి కాలమున మన నగరవాసులలో ఒక క్రొత్త అభిరుచి పొడసూపినది. పెద్ద కర్మాగారములలో తయారై దేశమంతట ఒకే రుచితో అమ్ముడుపోవు సీసాబీరును విడిచి, అక్కడికక్కడే చిన్న తొట్లలో కాచి పోయు బీరును వెదకికొని పోవుట ఆ యభిరుచి. తెలంగాణ ప్రభుత్వము 2015లో మైక్రోబ్రూవరీలకు నియమావళి నేర్పరచిన పిమ్మట హైదరాబాదున అవి వరుసగ వెలసినవి. బెంగళూరున అంతకు మునుపే పాతుకొనియున్నవి. అచ్చట కూర్చుండు యువతీయువకులు ఏ ధాన్యము వాడిరి, ఏ ఈస్టు కలిపిరి, ఎన్ని దినములు పులియబెట్టిరి అని అడిగి మఱి రుచిచూచుచున్నారు. ఈ విచారణ మెచ్చదగినది. నోటికందు వస్తువు ఎక్కడ పుట్టినదో, ఎవరి చేతులమీదుగ వచ్చినదో తెలిసికొనగోరుట సంస్కారలక్షణము. కాని ఆ ప్రశ్నలనే కల్లుపాకయొద్ద వేయుటకు మనవారి కేల తోచకున్నదో నాకు బోధపడదు. స్థానికమై, స్వల్పపరిమాణమై, ఋతువు ననుసరించి, యంత్రమును తాకక, తయారుచేసినవాని చేతనే అందుకొనబడు పానీయ మేదైన మన తీరమున కలదేని, అది తెల్లవారుజామున గీతగాడు చెట్టుపైనుండి దింపిన కల్లే. దానిని చూచి ముఖము త్రిప్పుకొనుట చదువుకొన్నవారి మర్యాదగ చెల్లుచున్నది. ఆ మర్యాదకు మూలము తెలియమియే గాని వివేకము కాదని నా దృఢవిశ్వాసము.

బీరునకు మూలము బార్లీగింజ. గింజలో నున్నది పిండి. పిండిని ఈస్టు తినజాలదు. అందుచేత గింజను నానవైచి, మొలకెత్తించి, ఆరబెట్టి, మరపట్టి, సుమారు అఱువదియైదు డిగ్రీల వేడిగల నీటిలో నుంచి, మొలకయందలి ఎంజైములచేత పిండిని చక్కెరగ మార్పించి, ఆ తీపినీటిని హాప్స్ పూవులతో కాచి, చల్లార్చి, పిదప ఈస్టును కలిపి, వారములకొలది వేచియుండవలెను. తాడిచెట్టు ఈ పనులన్నింటికి అవసరమే లేకుండ, నూటికి పన్నెండు పాళ్లకు అటునిటుగ చక్కెరగల రసమును తానే సిద్ధముచేసి యిచ్చును. కావుననే బీరు కాచువాని నైపుణ్యము తొట్టియందును పొయ్యియందును ఉండగా, గీతగాని నైపుణ్య మంతయు నేలకు పది పదునైదు నిలువుల యెత్తున, ఒక కత్తియంచునం దున్నది.

ఆ కత్తి చేయు పనిని చెప్పుటకు ముందు చెట్టును గూర్చి కొంత చెప్పవలెను. తాళవృక్షమునందు ఆడుమగ భేదము కలదు. పోతుతాడు పూచునే గాని కాయదు, పెంటితాడు కాయును. తొలిగెల వెలువడినగాని ఏ చెట్టు పోతో, ఏ చెట్టు పెంటియో ఎంతటి యనుభవశాలియు చెప్పజాలడు. ఉత్తరాంధ్రమున గీత సామాన్యముగ సంక్రాంతి వెళ్లిన పిమ్మట ఊపందుకొని, వేసవి నడుమ పరిపూర్ణతనొంది, మృగశిర కార్తె వానలతో ముగియును. పోతుచెట్టు గెల చేతివ్రేళ్లవలె చీలియుండును. పెంటిచెట్టు గెల కాయలమొగ్గలను ధరించియుండును. రెంటిని గీయు పద్ధతులు వేరు, రెంటి కల్లు రుచులును వేరు. పెంటిచెట్టు రసము పరిమాణమున అధికమని గీతపనివారు చెప్పుదురు, శాస్త్రజ్ఞులును దానిని అంగీకరించుచున్నారు. రుచిలో ఏది మిన్న యను విషయమున మాత్రము ఏ రెండు కల్లుపాకలును ఏకీభవింపవు.

గీతగాడు నడుమునకును చెట్టునకును చుట్టివచ్చునట్లు మోకు బిగించుకొని, పాదములకు నారబంధము తగిలించుకొని, వెనుక కత్తుల పొదియు లొట్టియు వ్రేలాడుచుండగా, మోకును ఒక్కొక్క ఎగదోపున పైకి విసరుచు, కాళ్లతో చెట్టును ఒడిసిపట్టుచు ఎక్కును. ఎక్కువాని బరువంతయు ఒకమారు మోకుపైనను, ఒకమారు పాదములపైనను మారుచుండవలెను; ఆ మార్పునందు తాళము తప్పెనా ప్రాణము తప్పును. పైకి చేరినవెంటనే కోతకు దిగడు. మొదట ఎండుమట్టలను, పీచును తీసివైచి, చేయి ఆడుటకు చోటు చేసికొనును. పిమ్మట గెలను కప్పియున్న పొరలను ఒలిచి, కఱ్ఱల నడుమ నొక్కియో మెల్లగ తట్టియో దానిని మెత్తబరచును. ఇది ఒకనాటితో ముగియదు. బలముగ నొక్కిన గెల కుళ్లిపోవును. తేలికగ నొక్కినచో రసము రాదు. ఎంత నొక్కవలెనో పుస్తకమున వ్రాయుటకు వీలులేదు; అది తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చునదే. పిదప గెలలను నారతో కూర్చికట్టి, దినదినమును కొనలను సన్నగ కోయుచుండును. తొలిదినములలో గెల తడియగును గాని కారదు. కొన్నాళ్లకు చుక్క పుట్టును, చుక్కలు ధారయగును, అప్పుడు లొట్టి కట్టుదురు.

భీమిలిబాటకు ఎగువనున్న తోటయొకదానిలో పెక్కేండ్లుగ ఈ పని చేసిన వృద్ధుని నేను, “ఎంత పలుచగా కోయాలి తాతా?” అని అడిగితిని. ఆయన చేతికత్తి యంచును బొటనవ్రేలితో పరీక్షించుచునే యిట్లనెను: “సెట్టుకి నొప్పి తెలియకూడదు బాబూ. మందంగా కోసినావా, గెల పదిరోజుల్లో అయిపోద్ది. పలచగా కోస్తే సీజనంతా ఇస్తాది. కత్తి మొండిదైతే మాత్రం గెల మూసేసుకుంటాది, ఇంక నువ్వేటి సేసినా కారదు.” ఈ మూడు నాలుగు మాటలలో వృక్షశాస్త్ర మెంతయో యిమిడియున్నది. గెలకు చేరు రసము పూవును కాయను పోషించుటకై చెట్టు పంపు ఆహారము. కోసిన గాయముపై జిగురును సూక్ష్మజీవులును పేరుకొని నాళములను మూసివేయును. ఉదయమును సాయంతనమును కాగితమంత మందముగల పొరను తీసివైచుటచే నాళములు మరల తెరచుకొనును. మొండికత్తి నాళములను కోయక నలిపివేయును; నలిగిన నాళము కారదు. అందుచేతనే గీతగాడు చెట్టుపై గడపు కాలముకంటె కొన్నిమారులు క్రింద కత్తి నూరుకొను కాలమే అధికము. చెక్కపై సన్నని రాతిపొడి చల్లి, దానిపై కత్తిని ముందునకు వెనుకకు లాగుచు అతడు కూర్చుండు తీరును చూచినవారికి, ఇది కూలిపని కాదనియు విద్య యనియు వేరుగ చెప్పనక్కరలేదు.

చెట్టుపై పని యిట్లుండగా కుండలో పని వేరొకవిధముగ నడచును. లొట్టి లోపలితట్టున సున్నము పూసినచో రసము పులియదు. సున్నము క్షారగుణముచే సూక్ష్మజీవులను ఎదుగనీయదు. ఆ పులియని తీపిరసమే నీరా. దానిని కాచినచో తాటిబెల్లమగును. సున్నము పూయనిచో రసము గెలనుండి జారిన క్షణముననే పులియ నారంభించును. నిన్నటి లొట్టి యడుగున నిలిచిన మడ్డి నేటి రసమునకు తోడుగ పనిచేయును. గాలినుండియు, గెలనుండియు, తేనెటీగల కాళ్లనుండియు మఱికొన్ని జీవులు చేరును. వీనిలో ముఖ్యమైనది శాకరోమైసిస్ సెరివిసియే అను ఈస్టు. ఐరోపావారు ఏల్ జాతి బీరును పులియబెట్టునదియు, మనయింటి రొట్టెను పొంగించునదియు అదియే. దానికి తోడుగ జైమోమొనాస్ అను బాక్టీరియా సారాయమును బొగ్గుపులుసు వాయువును పుట్టించును. లాక్టిక్ బాక్టీరియాలు పులుపునిచ్చును. ఆలస్యమైనచో ఎసిటిక్ బాక్టీరియాలు ప్రవేశించి కల్లును వెనిగరుగ మార్చివైచును. కల్లునకు పాలవంటి తెలుపు రంగునుండి వచ్చినది కాదు. ఆ ద్రవమున తేలు కోటానుకోట్ల జీవులనుండి వచ్చినది. ఒకనాడు మన దక్షిణదేశపు రొట్టెబట్టీలవారు ఈస్టు దొరకనప్పుడు పిండిని పొంగించుటకు కల్లునే వాడిరనుటలో ఆశ్చర్యమేమియు లేదు.

డెన్మార్కుదేశమున ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అను పండితుడు కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో 1883లో ఒకే ఈస్టుకణమునుండి శుద్ధమైన సంతతిని పెంచు పద్ధతిని సాధించెను. అది మొదలు లోకమునందలి బీరుకర్మాగారములు అడవిజీవులను వెడలగొట్టి, ఒక్క ఈస్టును మాత్రమే పెంచుట నేర్చుకొనినవి. దానివలననే ఒకే రుచిగల బీరు కోట్లకొలది సీసాలలో సాధ్యమైనది. ఐనను బెల్జియము రాజధాని బ్రస్సెల్సు పరిసరములలో, సెన్ నదీలోయయందు, కొందరు దీని కొప్పుకొనలేదు. వారు చలికాలపు రాత్రులందు కాచిన తీపినీటిని వెడల్పాటి మూకుళ్లలో పోసి, గాలిలోని జీవులు తమంత తామే వచ్చి వ్రాలుటకు విడిచి, చెక్కపీపాలలో ఒకటి మొదలు మూడేండ్లదాక నిలువచేయుదురు. లాంబిక్ అను ఆ బీరును రుచిచూచుటకై దేశదేశములనుండి రసికులు యాత్రలు చేయుచున్నారు. పెంపుడుఈస్టు లేకుండ, ప్రకృతి పంపిన జీవులతో, ఆ ప్రదేశముననే సాధ్యమగు పులియబెట్టుట అనుటయే దాని కీర్తికి కారణము. ఆ లక్షణమే ప్రతి లొట్టియందును దినమున రెండుమారులు నెరవేరుచున్నదని చెప్పుటకు మన కేల సంకోచము? లాంబిక్ చేయువారు చలికాలముకొఱకు వేచియుందురు. మన గీతగాడు ముప్పదియైదు డిగ్రీల యెండలో, క్షణక్షణము పరుగెత్తు పులియుటను, లొట్టి దింపు వేళను మార్చుటచేతను, కుండను కడుగుటచేతను, తోడుగ నుంచు మడ్డి పాళమును హెచ్చించి తగ్గించుటచేతను అదుపులో నుంచుకొనుచున్నాడు.

వేళ యనునది కల్లునకు ప్రాణము. రాత్రి చల్లదనమున నిండిన లొట్టి తెల్లవారుసరికి లేతతీపియు, నాలుకపై చిఱునురుగును, తాటిముంజె వాసనయు కలిగియుండును. అందు సారాయము స్వల్పము. ప్రొద్దెక్కినకొలది తీపి తగ్గి ఘాటు హెచ్చును. మధ్యాహ్నమునకు నూటికి నాలుగైదు పాళ్లదాక సారాయము పుట్టును, అనగా బీరుతో సమానమగును. సాయంకాలమునకు పులుపు ముందునకు వచ్చును. మఱునాటికి అది వంటింటి పుల్లనికే తగును. ఒకే చెట్టు, ఒకే దినము, ఇన్ని రుచులు. సీసాలో బంధింపవీలుకాని యీ చాంచల్యమునే వ్యాపారులు దోషమనుచున్నారు. నేను దానినే గుణమందును. రుషికొండవద్ద దింపిన కల్లు రుషికొండవద్దనే, ఆ పూటయే త్రాగవలెను.

ఈతకల్లును గూర్చి క్లుప్తముగ చెప్పుదును, ఏలయన సముద్రపుటొడ్డుకంటె లోతట్టు మెట్టలే దానికి తావు. ఈతచెట్టునందు గెలను గీయరు. మొవ్వు క్రింద కాండమునే చెక్కి, రసము కుండలో పడునట్లు చేయుదురు. చలికాలము దానికి ఋతువు. ఒక యేడు ఒకవైపున చెక్కినచో మఱుయేడు ఎదురువైపున చెక్కుదురు గాన, చెట్టు కాండము వంకరటింకరగ పెరుగును. ఆ గంట్లను లెక్కించి అది ఎన్నేండ్లుగ గీతకు వచ్చినదో చెప్పవచ్చును. జీలుగుకల్లు మఱియొక లోకము. విశాఖనుండి కొండలెక్కి అరకు, పాడేరు, చింతపల్లి మన్యములకు పోయినగాని అది లభింపదు. జీలుగుచెట్టు పెరుగుట కెన్నో యేండ్లు పట్టును. పూయ మొదలిడినపిదప గెలవెంట గెలనిచ్చి, తుదకు ఎండిపోవును. మంచి ఊపులోనున్న గెల దినమునకు పది లీటర్లకు మించియు కార్చును. వెదురుబొంగుకు కణుపుకొమ్మలను విడిచి నిచ్చెనగ చేసికొని గిరిజనులు ఎక్కుదురు. ఆ కల్లు చిక్కదనమును కమ్మదనమును తీరమునందలి తాటికల్లుకు రావని ఒప్పుకొనక తప్పదు.

రుచిచూడదలచినవారికి కొన్ని మాటలు చెప్పవలసియున్నది. సూర్యోదయమునకే తోటకు పోవలెను. చెట్టునుండి దిగిన లొట్టినే, మీ కన్నులయెదుటనే తాటాకుదొప్పలోనికి వంపించుకొనవలెను. తేనెటీగయో చీమయో తేలుచున్నచో ఏవగించుకొనక వడగట్టించుకొనుడు. తీపిరసము చెంతకు అవి రాకుండుటయే అనుమానింపదగినది. నిలువయుంచిన సీసాలలో, ఋతువుకాని ఋతువులో, చెట్టులేని చోట అమ్మబడు తెల్లని ద్రవమును ముట్టవలదు. క్లోరల్ హైడ్రేటును, డైజిపామ్, ఆల్ప్రాజోలామ్ వంటి నిద్రమందులను నీటిలో కలిపి, చక్కెరయు శాకరినును చేర్చి కల్లని అమ్ము దౌష్ట్యము పెద్ద నగరములలో ప్రబలి ప్రాణములను తీసినది. హైదరాబాదున 2004లో కల్లుదుకాణములు మూయబడి 2014లో మరల తెరువబడుట, 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు పెక్కుమందిని పొట్టనబెట్టుకొనుట పత్రికలు చదువువా రెఱిగినదే. ఆ విషమునకును గీతగాని విద్యకును ఏ సంబంధమును లేదు. చెట్లెన్ని, దిగు రసమెంత, అమ్ముడగు కల్లెంత అని లెక్కచూచినచో మోసము ఎవరికైన తేటతెల్లమగును, చెట్లు అబద్ధమాడవు.

మద్యమును గూర్చిన వివాదము ఈ తీరమున క్రొత్తది కాదు. రుషికొండకు ఉత్తరమున బావికొండ, తొట్లకొండలపై రెండువేల యేండ్లకు పూర్వమే బౌద్ధభిక్షువులు విహారములు కట్టుకొని, మత్తుపానీయములకు దూరముగ నుండుమను పంచమశీలమును పాటించిరి. విష్ణుస్మృతి మద్యభేదములను పేర్కొనుచు ఖార్జూరమును, నారికేళజమును చేర్చి, వానిని బ్రాహ్మణులకు నిషేధించినది. నిషేధము వ్రాయబడిన దనగా వాడుక యుండెనని యర్థము. ఆంగ్లేయుల దొరతనమున 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము కల్లును ఖజానాకు రాబడిగ మార్చినది. చెట్టుకు పన్ను, దుకాణమునకు వేలము, నడుమ గుత్తేదారు. అప్పటినుండి గీతగాడు తన చెట్టుక్రిందనే తాను అపరాధిగ నిలువవలసిన దుర్దశ యేర్పడినది. రాజాజీ ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో ఆరంభించిన మద్యనిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను వ్యాపించినది. ఆ యుద్దేశము పవిత్రమే. కాని సీసాలలోని విదేశీమద్యమునకును, బట్టీసారాకును, చెట్టుకల్లుకును ఒకే శిక్ష విధించుటచే శ్రీకాకుళమునుండి చిత్తూరువరకు లక్షలాది గీతకుటుంబములు ఒక్కసారిగ బ్రతుకుతెరువు కోల్పోయినవి. ఉత్తరాంధ్రమున యాతలు, శెగిడీలు, గోదావరీతీరమున శెట్టిబలిజలు, సీమలో ఈడిగలు, తమ తాతలనాటి పనిని దొంగతనముగ చేసికొనవలసివచ్చెను.

ఈ దుఃఖమే ఆంధ్రరాష్ట్రపు తొలి ప్రభుత్వమును కూల్చినదన్న సంగతి నేటి యువకులకు తెలియదు. ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన ఏర్పడిన సంఘము మద్యనిషేధమును ఎత్తివేయవలెనని సలహా యిచ్చినను అది అమలుకాకుండుటచే, గీతపనివారి పక్షమున గౌతు లచ్చన్నగారు పోరాటమునకు దిగిరి. శ్రీకాకుళము జిల్లా బారువలో 1909లో జన్మించిన ఆయన గీతకులమునందే పుట్టి, స్వాతంత్ర్యసమరమున సర్దారను పేరు గాంచినవారు. 1954 నవంబరు 6న శాసనసభలో మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాసతీర్మానము ఒక్క యోటు ఆధిక్యముతో నెగ్గగా, టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయినది. ఆంధ్రకేసరి యంతటివానిని గద్దెనుండి దింపినది తాటిచెట్టుపై ఆధారపడిన పేదవాని ఆకలి యని గ్రహించినప్పుడు, కల్లును చిన్నవిషయముగ కొట్టివేయుటకు నోరు రాదు.

త్రాగుడువలన కలుగు హానిని నేను తక్కువచేయుట లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ మగవారి కూలిడబ్బును మ్రింగుచున్న సారాపై తిరుగబడి, మఱుసటి యేటనే రాష్ట్రమంతట సారానిషేధమును సాధించిరి. ఆ తల్లుల ధైర్యమునకు నమస్కరింపవలసినదే. కాని సారా బట్టీపట్టి తీసినది, అందు మత్తు అనేకరెట్లు అధికము. కల్లునకు తనంత తానే ఒక హద్దు కలదు. ఈస్టు ఒక పరిమితికి మించి సారాయమును పుట్టింపజాలదు, కుండ ఒక పూటకు మించి నిలువజాలదు. ఈ భేదమును చట్టము గుర్తింపకపోవుటయే పెద్ద అన్యాయము.

కల్లును మెచ్చనివారు సైతము చెట్టును మెచ్చక తీరదు. ముంజెలు, తాటిపండ్లు, తేగలు, బుర్రగుంజు, బెల్లము, ఆకు, నార, దూలము, ఇవియన్నియు ఒక్క మానునుండి. తెలుగు కావ్యములు శతాబ్దములపాటు తాళపత్రములపై గంటముతో వ్రాయబడియే మనకు దక్కినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను విధ్వంసము చేసినప్పుడు, వేరులతో పెల్లగిలిన మహావృక్షముల నడుమ తాళ్లు చాలవరకు నిలిచియుండుట నేను చూచితిని. గోదావరి మన్యమున పందిరిమామిడి పరిశోధనకేంద్రమువారు తాటిపై చేయుచున్న కృషియు, 2023లో హైదరాబాదు హుస్సేన్‌సాగరు తీరమున తెరచిన నీరా కేంద్రమును మంచి ఆరంభములు. గీతగాండ్రకు ప్రాణరక్షణకై తెలంగాణ ప్రభుత్వము 2024లో, వారి కులదైవమగు కాటమయ్య పేరున, పట్టీలును కొక్కెములును గల పరికరములను పంచనారంభించినది. మోకు తెగియో, కాలుజారియో పడి నడుము విఱిగినవారు ప్రతి గీతపల్లెయందును కలరు. అట్టి పరికరములు ఈ తీరపు పనివారికిని అందవలెను. ఆలస్యమునకు కారణ మేమియు లేదు.

ఐనను అన్నింటికంటె తొందరగ చేయవలసినది చెట్లను నిలుపుకొనుట. మధురవాడనుండి కాపులుప్పాడ, తిమ్మాపురములదాక నేల గజములలెక్కన అమ్ముడుపోవుచున్నది; హద్దురాళ్లు పాతుటకు ముందు నేలనున్న తాళ్లను కొట్టి ఇటుకబట్టీలకు తోలుట వాడుకయైనది. చెట్టులేని గీతగాడు పట్టణమున కావలివాడగుచున్నాడు, అతని కుమారునికి మోకు కట్టుటయే రాదు. స్థలము కొను మహాశయులకు నా మనవి యొక్కటి: మీ హద్దులోని తాడు ఇల్లు కట్టుటకు అడ్డుగ నున్నదేమో ముందు చూడుడు; లేనిచో దానిని ఉండనిండు, గీతగానికి ఎక్కు హక్కు నిండు. తీరపు బాటల వెంబడి సోకుకై విదేశపు అలంకారవృక్షములను తెచ్చి నాటు నగరపాలకులు వాని సరసన తాటిటెంకలను పాతింతురుగాక. వానికి నీరు పోయనక్కరలేదు, కంచె వేయనక్కరలేదు. ఈ యేటి వానలకు పాతిన టెంక తొలిగెల వేసి గీతకు వచ్చుటకు పదునైదేండ్లు పట్టును.